చేనుకూ మందకూ తగాదా రాకముందే: ఊళ్లో చేసుకోవాల్సిన ఏర్పాట్లు

కార్తీకం వచ్చిందంటే మన వైపు పల్లెల్లో ఒక గొడవ తప్పకుండా వినిపిస్తుంది. శెనక్కాయ (వేరుశనగ) పీకేశారు కదా, చేను ఖాళీ అనుకుని కాపరి మంద తోలుతాడు. సాళ్ల మధ్య కంది ఇంకా నిలబడే ఉంటుంది. రైతు వచ్చి చూసేసరికి పూత, పిందె అన్నీ గొర్రెల నోట్లో. మాటామాటా పెరిగి, కట్టెలు లేచి, స్టేషన్‌కు పోతారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. శెనక్కాయ అయిపోయిన రోజే చేను వదిలినట్టని కాపరి లెక్క. కంది కొట్టి, కట్టె ఇంటికి చేరిన రోజు వదిలినట్టని రైతు లెక్క. మధ్యలో దాదాపు రెండు నెలల తేడా ఉంది.

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో రైతుకూ కాపరికీ వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం ఇలా తేదీ దగ్గరో, బాట దగ్గరో, నీళ్ల దగ్గరో మొదలయ్యేవే. కులం, పాత పగ, ఎన్నికల కోపం తర్వాత వచ్చి అంటుకుంటాయి. కాబట్టి పంట పోయాక పంచాయితీ చేయడం కంటే, విత్తనం పడకముందే ఈ మూడూ తేల్చుకోవడం సులువు. ఆ పని ఎలా చేయాలో చెప్పేదే ఈ వ్యాసం. మీరు సర్పంచ్ కానక్కర్లేదు. వార్డు మెంబరైనా, రైతు సంఘంలో గానీ గొర్రెల పెంపకందారుల సంఘంలో గానీ ఉన్నా, రెండు పక్షాలూ మాట వినే మనిషైనా చాలు.

ముందు ఊరంతా నడవండి

ఒక పెద్ద కాపరినీ, ఒక పాత రైతునీ వెంటబెట్టుకుని ఊరి పొలిమేర చుట్టూ తిరగండి. మంద పొద్దున ఎటు పోతుంది, మధ్యాహ్నం నీళ్లు ఎక్కడ తాగుతుంది, సాయంత్రం రొప్పానికి (రాత్రి మందను ఉంచే దొడ్డికి) ఏ దారిన వస్తుంది అన్నది కాపరినే చూపించమనండి. ఏ చేను దగ్గర ఏటా గొడవ అవుతుందో రైతు చెబుతాడు. రెండూ కలిపి చూస్తే గొడవ జరిగే చోట్లు ఊరికి నాలుగైదుకు మించవని తెలుస్తుంది. అవి సాధారణంగా బాట ఇరుకైన చోటో, కుంటకు దిగే చోటో ఉంటాయి.

తర్వాత గ్రామ సచివాలయానికి వెళ్లి వీఆర్వోనూ సర్వేయర్‌నూ అడిగి ఊరి పటం చూడండి. మేత పోరంబోకు, వంక పోరంబోకు, బండిబాట, చెరువు ఏ సర్వే నంబర్లలో ఉన్నాయో రాసుకోండి. చాలా ఊళ్లలో పటంలో ఉన్న బాట నేల మీద కనిపించదు. ఎవరో చీనీ (బత్తాయి) తోట పెట్టి ముళ్ల తీగ లాగి ఉంటారు, లేదా వంక గట్టు దున్నేసి చేనులో కలుపుకుని ఉంటారు. బాట లేనప్పుడు మంద చేల మీదుగానే పోవాలి. ఆ తప్పును కాపరి మీదకు నెట్టి ఏం లాభం?

ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. పోరంబోకు పోయిందని తహసీల్దారుకు అర్జీ పెట్టేటప్పుడు ఆ తీర్పు పేరు రాయండి. అయితే నా సలహా ఏమిటంటే, మొదటి రోజే ఆక్రమణ జోలికి పోవద్దు. అది మొదలుపెడితే ఊరు రెండుగా చీలి, అసలు పని ఆగిపోతుంది. ముందు రెండు మందలు ఎదురుపడినా తప్పుకునేంత బాట వదలమని ఆ రైతును అడగండి. పది మందిలో అడిగితే చాలామంది వదులుతారు.

మేత భూమి మొత్తంగా తగ్గిపోయిన ఊళ్లూ ఉన్నాయి. ఓర్వకల్లు పక్కన గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు 5,900 ఎకరాలు పోయాయి. ఎన్‌పీ కుంట వైపు కూడా పెద్ద సోలార్ పార్కు వచ్చింది. అలాంటి చోట మందలు పక్క ఊళ్లకు మళ్లడం సహజం. కాబట్టి మీ ఊరి ఒప్పందం ఒక్కటే చాలదు. పక్క ఊరి పెద్దల్ని కూడా పిలవాలి.

పంట క్యాలెండర్ రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, తొందరపడకుండా చేయండి. ఒక పెద్ద చార్ట్ మీద పన్నెండు నెలలు గీసి, ఊళ్లో ఏ దిక్కు చేలు ఎప్పుడు మూసి ఉంటాయి, ఎప్పుడు తెరుస్తారు అని రాయండి.

జూన్, జులైలో వాన పడి విత్తనం పడితే జీవాలకు దాదాపు అన్ని దారులూ మూసుకుపోతాయి. అక్టోబరు దాకా గుట్టలు, గట్లు, పోరంబోకులు, బీళ్లే దిక్కు. కాపరికి ఏడాదిలో అన్నిటికంటే ఇరుకైన కాలం ఇదే. ఈ నెలల్లో ఎవరి చేను బీడుగా ఉంటుందో రైతులు ముందే చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. వాన ఆలస్యమైన ఏడు శెనక్కాయ వేయలేక వదిలేసిన చేలో ఆగస్టు, సెప్టెంబరులో ఉలవో, అలసందో, పెసరో చల్లుతారు. నిన్నటిదాకా బీడని మేపిన కాపరికి ఆ సంగతి తెలియదు. ఉలవ మొలక గడ్డిలో కలిసి కనబడదు కూడా. అందుకే బీడు చేలో ఏదైనా చల్లిన రైతు ఆ రోజే చెప్పాలని నియమం పెట్టుకోండి.

శెనక్కాయ అక్టోబరు, నవంబరులో పీకుతారు. అంతర పంటగా వేసిన కంది డిసెంబరు, జనవరి దాకా ఉంటుంది. ఈ రెండు తేదీలూ చార్ట్ మీద వేరువేరుగా రాయండి. కంది ఉన్న చేను తెరిచినట్టు కాదని కాపరుల చేత ఒప్పించండి. బదులుగా, కంది లేకుండా ఒట్టి శెనక్కాయ వేసిన చేలు ఏవో జాబితా ఇప్పించండి. ఒకటి అడిగినప్పుడు బదులు ఇంకేదైనా చేతికి ఇస్తేనే మాట నిలుస్తుంది.

కర్నూలు వైపు నల్లరేగళ్లలో లెక్క తిరగబడుతుంది. పప్పుశనగ వేసే చేను వానకాలమంతా ఖాళీగా ఉండి, దసరా దాటాక మూసుకుంటుంది. అక్టోబరు, నవంబరులో విత్తి జనవరి, ఫిబ్రవరిలో కోస్తారు. అనంతపురం ఎర్రనేలల నుంచి వచ్చిన కాపరికి ఈ లెక్క కొత్త. ఆదోని, ఎమ్మిగనూరు పత్తి చేలల్లో ఇంకో చిక్కు. ఆఖరి తీత అయ్యాకా చేను పచ్చగానే ఉంటుంది, జీవాలు ఆకు ఇష్టంగా తింటాయి. కానీ మందు కొట్టి ఎన్నాళ్లయిందో రైతు చెప్పకపోతే ప్రాణాల మీదకు వస్తుంది. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద వరి కోతలయ్యాక బయటి మందలు దిగుతాయి. వాటి సంగతి చివర చెబుతాను.

కోత అయిన చేలోకి ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కూడా తేల్చండి. మన ఊళ్లలో పాత వరుస ఇదే: ముందు పరిగె ఏరుకునే ఆడవాళ్లు, తర్వాత రైతు సొంత పశువులు, ఆ తర్వాత ఊరి మందలు, చివరికి బయటి మందలు. పరిగె ఏరకముందే మంద దిగితే రైతు ఊరుకున్నా కూలి ఆడవాళ్లు ఊరుకోరు, వాళ్ల కోపం న్యాయమైనదే. నేలలో మిగిలిన కాయ వాళ్లకు నాలుగు రోజుల కూలితో సమానం. పరిగెకు ఎన్ని రోజులో ముందే రాసుకోండి.

చేను వదిలారని తెలియడానికి ఏదో ఒక గుర్తు పెట్టుకోండి. గట్టు మీద రాయికి సున్నం పూయడం తేలిక, దూరం నుంచి కనబడుతుంది. వాట్సాప్ గ్రూపు ఉంటే రాతలో కాకుండా వాయిస్ మెసేజ్ పెట్టండి. చాలామంది కాపరులకు చదవడం కంటే వినడం అలవాటు.

అందరూ వచ్చే వేళకు మీటింగ్ పెట్టండి

ఏడాదికి రెండుసార్లు కూర్చుంటే చాలు. ఒకటి ఏరువాకకు ముందు, రెండోది దీపావళికి ముందు. పొద్దున పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసులో పెడితే ఒక్క కాపరీ రాడు, అప్పటికి మంద గుట్ట మీద ఉంటుంది. రాత్రి భోజనాలయ్యాక రచ్చకట్ట దగ్గర పెట్టండి. ఒక రైతు ఇంట్లోనో, ఒక నాయకుడి అరుగు మీదో వద్దు.

పిలిచేటప్పుడు ఒక సంగతి మరవొద్దు. మంద వెంట తిరిగేవాడు, మంద యజమాని ఒకరే కాకపోవచ్చు. జీతానికి ఉన్న కుర్రాడిని కూర్చోబెట్టి మాట తీసుకుంటే అది గాల్లో మాటే. డబ్బు కట్టాల్సింది యజమాని, అతను రావాలి. అలాగే కౌలు రైతు రాకుండా పట్టాదారు ఒక్కడొస్తే చాలదు, ఎందుకంటే పంట కౌలుదారుది. గొర్రెలవాళ్లనూ మేకలవాళ్లనూ ఒకే గాటన కట్టకండి. గొర్రె కింద గడ్డి కొరుకుతుంది, మేక ఆకు మీదకు ఎగబాకుతుంది. గట్టు మీది వేప, తుమ్మ కొమ్మల్ని దోటితో లాగే గొడవ మేకలవాళ్లతోనే వస్తుంది. చెట్టుకు ఎన్ని కొమ్మలు, ఏ నెలల్లో అన్నది వాళ్లతో విడిగా మాట్లాడాలి.

మీటింగ్‌లో పాత గొడవలు తవ్వనివ్వొద్దు. "మీ కురబోళ్లు", "మీ రెడ్లు" అనే మాట రాగానే ఆపి, "ఏ చేనప్పా? ఎవరి మందన్నా?" అని అడగండి. చేను పేరు, మంద పేరు చెబితే అది ఇద్దరు మనుషుల గొడవ. కులం పేరు చెబితే ఊరి గొడవ.

ఒక కాగితం మీద రాసుకోండి

స్టాంపు పేపరు అక్కర్లేదు. పంచాయతీ రిజిస్టరులో తీర్మానంగా రాయిస్తే ఇంకా మంచిది. ఇలా రాయొచ్చు:

"మన ఊరి పడమటి దిక్కు చేలు కంది కొట్టే దాకా మూసి ఉంటాయి. శెనక్కాయ మాత్రమే వేసిన చేలు పరిగెకు నాలుగు రోజులు వదిలి ఊరి మందలకు తెరుస్తారు. మంద కుంటకు పోయే బాట మీద కంప వేయరాదు, దున్నరాదు. చీకటి పడ్డాక ఏ చేలోనూ మేపరాదు. చేలో జీవాలు పడితే కొట్టడం, కట్టేయడం చేయకుండా ఈ కింది ముగ్గురికి ఫోన్ చేయాలి. వాళ్లు అదే రోజు చూసి చెప్పిన నష్టం పదిహేను రోజుల్లో కట్టాలి."

ఆ ముగ్గురిలో ఒకరు రైతు, ఒకరు కాపరి, మూడోవారు రెండూ కానివారు ఉండాలి. సంతకాలు, వేలిముద్రలు అయ్యాక పైకి చదివి వినిపించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి.

ఈ కాగితంలోనే మంద పెట్టించుకునే మాట కూడా చేర్చండి. రైతును కాపరి పక్కకు తెచ్చేది అదే. ఏప్రిల్ నుంచి తొలి దుక్కి దాకా చేలో రాత్రుళ్లు గొర్రెలు పడుకుంటే పేడా మూత్రమూ రెండూ నేలకే దిగుతాయి, బండి తోలే ఖర్చు ఉండదు. మంద లేచాక వెంటనే దున్నేయాలి, ఎండకు వదిలితే నత్రజని ఆవిరైపోతుంది. ఎన్ని రాత్రులు, రాత్రికి ఎంత, కాపరికి తిండి ఎవరిది, కావలి ఎవరిది అన్నవి ముందే మాట్లాడుకోండి. వేసవిలో బోరు తొట్టిలో మందకు నీళ్లు పెట్టిన రైతు చేలో ముందు మంద కట్టాలని కొన్నిచోట్ల నోటి మాటగా నడుస్తుంది. దాన్ని రాసుకుంటే ఇంకా గట్టిగా నిలుస్తుంది.

ఇంత చేసినా జీవాలు చేలో పడ్డ రోజు

ముందు మందను బయటికి తోలండి, తిట్టుకోవడం తర్వాత. రాళ్లు విసరొద్దు. సూడి గొర్రెకు కడుపు పోతే నష్టం లెక్క అటువైపు కూడా మొదలవుతుంది.

చేను నాలుగు వైపుల నుంచి, మేసిన చోట దగ్గరగా ఫోటోలు తీయండి. వెలుతురు ఉండగానే ముగ్గురు పెద్దల్ని పిలిచి చూపించండి. మరునాటికి వదిలితే మేసింది ఈ మందేనా, అడవి పందులా అన్న వాదన వస్తుంది. అడుగు జాడలు, పెంటికలు ఆ రోజే చెప్పగలవు.

నష్టం లెక్క కట్టేటప్పుడు చాలా ఊళ్లలో ఒక తప్పు జరుగుతుంది. చేనంతా పోయిందని రైతు, నాలుగు ఆకులు తిన్నాయని కాపరి. ఎవరి మాటా తీసుకోకుండా మేసిన చోటును సెంట్లలో కొలవండి. తర్వాత పంట ఏ దశలో ఉందో చూడండి. కంది పూతకు రాకముందు చివర్లు కొరికితే పక్క కొమ్మలు వేస్తుంది, పంట పూర్తిగా పోదు. వ్యవసాయాధికారులే ఒక దశలో చివర్లు తుంచమంటారు. అదే కంది పూత, పిందె మీద మేస్తే తిరిగి రాదు. శెనక్కాయ చిన్నప్పుడు మేసినా కొంత తేరుకుంటుంది. ఊడలు దిగే వేళ మేయడం, తొక్కడం రెండూ దెబ్బే.

అందుకే లెక్క రెండు విడతలుగా తేల్చమంటాను. మేసిన రోజు సెంట్లు రాసి, అందరి సంతకాలు తీసుకోండి. డబ్బు మాత్రం కోత రోజు తేల్చండి. అదే చేలో మేయని భాగానికి ఎకరాకు ఆరు బస్తాలు వచ్చాయనుకోండి. మేసిన 20 సెంట్లలో ఏమీ రాకపోతే నష్టం బస్తా పైచిలుకు, సరిగ్గా చెప్పాలంటే 1.2 బస్తాలు. సగం వస్తే అందులో సగం. దానికి కట్టె (కాయ తీశాక మిగిలే ఎండు మేత) విలువ కలపండి, మన వైపు శెనక్కాయ కట్టె ఊరికే రాదు. ఈ లెక్కకు ఎదురు మాట్లాడటం ఎవరికైనా కష్టం. కాపరి దగ్గర డబ్బు లేకపోతే ఆ డబ్బుకు సరిపడా రాత్రుళ్లు మంద పెట్టి తీర్చేలా ఒప్పుకోండి.

జీవాన్ని జరిమానాగా లాక్కోవడం, ఇంట్లో కట్టేసుకోవడం చేయకండి. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ఇప్పటికీ పనికొచ్చేదే. గొర్రెలు, మేకలు కూడా దాని కిందికి వస్తాయి. చేలో పడి నష్టం చేస్తున్న జీవాలను రైతు పట్టుకోవచ్చు గానీ 24 గంటల్లోగా బందెల దొడ్డికి (పట్టుకున్న జీవాలను ఉంచే ఊరి దొడ్డికి) పంపాలి. అన్యాయంగా పట్టుకున్నారని కాపరి అనుకుంటే పది రోజుల్లోగా మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయొచ్చు. మీ ఊళ్లో బందెల దొడ్డి పేరుకే మిగిలి ఉంటే గోడ, గేటు, నీటి తొట్టి బాగు చేయించమని పంచాయతీని అడగండి. ఎవరి ఇంటి ముందో కట్టేసి గొడవ పెంచడం కంటే అది మేలు.

జీవం చనిపోతే

ఊరు ఒక్కసారిగా మండేది ఇక్కడే. "మందు పెట్టి చంపాడు" అన్న మాట నిమిషాల్లో పాకుతుంది. నిజంగానే విషం పెట్టి ఉంటే అది పెద్ద నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ నిందించే ముందు జీవం ఎక్కడ ఏం మేసిందో అడగండి. కోసిన జొన్న మోళ్లకు వచ్చిన పిలకలు, వాన లేక వాడిన లేత జొన్న తింటే నాము (ఆ పైరులో పుట్టే విషం) తగిలి నిమిషాల్లో చనిపోతాయి. అందులో మనిషి చేయి ఉండదు. తొలకరిలో లేత గడ్డి ఎగబడి తిన్నాక వచ్చే చిటుక రోగం కూడా రాత్రికి రాత్రి మందను ఖాళీ చేస్తుంది. వానలకు ముందే టీకా వేయిస్తే దాన్ని ఆపొచ్చు.

వెంటనే 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ వస్తుంది. నాము అయితే వేళకు సూది పడితే బతికే అవకాశం ఉంటుంది. చనిపోయినదాన్ని పూడ్చేయకుండా పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించండి. ఆ కాగితం లేకుండా బీమా రాదు, కేసూ నిలవదు, అనుమానమూ పోదు. జొన్న మోళ్లున్న చేను, మందు కొట్టిన చేను ఏవో రైతులు ముందే చెప్పాలన్న నియమం పైన రాసిన కాగితంలో తప్పకుండా ఉండాలి.

ఊళ్లో తేలకపోతే

కొట్లాట జరిగినా, దెబ్బలు తగిలినా స్టేషన్‌కు పోవాల్సిందే. పంట నష్టం, బాట, నీళ్ల తగాదాకైతే ముందు మండల న్యాయ సేవా కమిటీకి వెళ్లండి. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. కేసు వేయకుండానే లోక్ అదాలత్‌లో రాజీ రాసుకోవచ్చు, దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. భూమి, నీళ్ల మీద గొడవ కొట్లాటకు దారితీసేలా ఉంటే తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి. పోరంబోకు, బాట ఆక్రమణ గురించి అయితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, సర్వే నంబరు, ఊరి పటం నకలు జతచేసి ఇవ్వండి. సర్వే నంబరు లేని అర్జీ చుట్టూ తిరగడమే మిగులుతుంది.

నల్లమల, లంకమల అడవుల అంచు ఊళ్లలో అటవీ శాఖతోనూ మాట్లాడాలి. అభయారణ్యం లోపలికి మంద తోలితే కేసు అవుతుంది. తరతరాలుగా మేపుతున్న వాళ్లకు 2006 అటవీ హక్కుల చట్టంలో మేత హక్కు అడిగే వీలుంది, గ్రామసభ ద్వారా క్లెయిమ్ పెట్టుకోవాలి.

బయటి మందలు వచ్చినప్పుడు

ఎండాకాలంలో పడమటి మండలాల నుంచి కాలువల కిందికి దిగే మందలు మీ ఒప్పందంలో ఉండవు. వాళ్లను తరిమేయడం కంటే వచ్చిన రోజే పలకరించడం మంచిది. యజమాని పేరు, ఊరు, ఫోన్ నంబరు, జీవాల లెక్క, పారుడు రోగం టీకా వేయించారా లేదా, ఎన్ని రోజులు ఉంటారు అన్నవి ఒక నోటుబుక్కులో రాయండి. కాళ్లు కుంటుతున్నవి, ముక్కు కారుతున్నవి ఉంటే ఊరి మంద నీళ్లు తాగే తొట్టి కాకుండా వేరే చోటు చూపించండి. మూసిన దిక్కు, తెరిచిన దిక్కు, కుంట బాట చూపించడానికి ఊరి కాపరినొకరిని వాళ్ల వెంట ఒక పూట పంపండి. ఏ చేలో మంద పెట్టాలో రైతులతో ముందే మాట్లాడి ఉంచితే, వాళ్లకు రాత్రికి చోటు, రైతుకు ఎరువు దొరుకుతాయి. వెళ్లిపోయే రోజు ఆ నోటుబుక్కు తీసి, కట్టాల్సిన నష్టం ఏదైనా మిగిలి ఉంటే మంద పొలిమేర దాటకముందే తేల్చుకోండి.